తగూలంక రాయి

నీళ్ల సీసా

ఉద్యోగంలో చేరిన రోజు మా పై అధికారి నా చేతికి కొలత గొలుసు ఇవ్వలేదు. నీళ్ల సీసా ఇచ్చారు. అల్యూమినియం సీసా, ఒక పక్క సొట్ట, మూతకి చిన్న గొలుసు. ఆయన వాడి వదిలేసిందే.

"పార్టీల ఇంట్లో మంచినీళ్లు కూడా పుచ్చుకోకు," అన్నారు. "నువ్వు గుక్క తాగిన సంగతి అవతలి పార్టీకి క్షణంలో తెలిసిపోద్ది. ఆ తర్వాత నువ్వెంత నిక్కచ్చిగా కొలిచినా సరే, నీళ్లు తాగి కొలిచేడంటారు."

మా శాఖలో పార్టీ అంటే జెండాలు పట్టుకునేది కాదు. తగాదాలో ఉన్న మనిషి. గట్టుకి ఇటువైపు వాడొక పార్టీ, అటువైపు వాడొక పార్టీ, గట్టు మీద ఎండలో నిలబడ్డవాడు సర్వేయరు. ఎవరి నీడలోకి జరిగినా తప్పే.

ఆ మాట నేను సర్వీసు మొత్తం పాటించాను. కోనసీమలో అది ఎంత కష్టమో ఇక్కడి వాళ్లకి చెప్పక్కర్లేదు. బొండాం కొట్టి చేతిలో పెట్టి, తాగకపోతే "ఏవండీ, మేం మనుషులం కామేంటండి?" అని నిలదీసే ఊళ్లు ఇవి. నేను సీసా చూపించి నవ్వేవాణ్ణి. కొన్నాళ్లకి పిలవడం మానేశారు. పెళ్లిళ్లకి పిలవడం కూడా మానేశారు. ఏ పెళ్లిలో చూసినా ఎవడో ఒక పార్టీ ఉంటాడు కదా. నా భార్య బతికున్నన్నాళ్లూ శుభలేఖలు ఆవిడ పుట్టింటి వైపు నుంచే వచ్చేవి. ఆవిడ పోయాక అవీ లేవు.

ఈ మధ్య సర్వే శాఖలో కొత్తగా చేరిన కొందరు, అమలాపురంలో నేనుండే అద్దె వాటాకి వచ్చి, అనుభవాలు రాసిపెట్టమన్నారు. సరేనన్నాను. బదిలీలు, ప్రమోషన్లు రాయను, అవి సర్వీసు రిజిస్టరులో ఉన్నాయి, చదివితే నిద్ర బాగా పడుతుంది. నేను రాయదలచుకున్నది ఒక మంచి పని గురించి. నా సర్వీసులో అందరూ మెచ్చుకున్న పని అదొక్కటే. నేను చేసిన పెద్ద తప్పు కూడా అదే.

ఐనవిల్లి అన్నదమ్ములు

ముందు ఒక చిన్న కేసు చెప్పాలి. అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఐనవిల్లి దగ్గర ఇద్దరు అన్నదమ్ములు. పక్కపక్క కొబ్బరితోటలు. మధ్య గట్టు మీద ఒక్క చెట్టు. దాని కాయలు నావంటే నావని పదేళ్లుగా గొడవ. తెల్లారేసరికి ఇద్దరూ గట్టు మీదకి వచ్చి, ఒకరి వంశాన్ని ఒకరు తిట్టుకునేవారు. ఇద్దరిదీ ఒకటే వంశమన్న సంగతి ఎవరికీ గుర్తొచ్చేది కాదు. నేను వెళ్లి మూడుసార్లు కొలిచాను. చెట్టు మొదలు జానెడు తేడాతో తమ్ముడి వైపు పడింది. రాయి పాతాను. అన్న మారు మాట్లాడకుండా సంతకం పెట్టాడు. చక్కగా తీర్చానని సంబరపడ్డాను.

ఏడాది తర్వాత వేరే పని మీద అటు వెళ్తే ఆ పెద్దాయన దారిలో కనిపించాడు.

"తమ్ముడుగారు కులాసాయేనా?" అన్నాను.

"ఏమోనండి. ఆడితో మాటల్లేవండి."

"అదేంటి, తగాదా తీరిపోయింది కదా?"

"తీరిపోయింది కాబట్టేనండి. చెట్టుందని రోజూ గట్టు మీదకొచ్చి తిట్టుకునేవోళ్లం. తిట్టుకోడం అయ్యాక పిల్లల చదువులూ, పంటా అన్నీ ఆ నోటితోనే మాట్టాడుకునేవోళ్లం. ఇప్పుడాడు గట్టెక్కాల్సిన పనేముందండి?"

ఆ రోజు ఆఫీసులో ఈ సంగతి జోకుగా చెప్పి అందర్నీ నవ్వించాను. నేనూ నవ్వాను. విని నవ్వడానికి కాదు, గుర్తు పెట్టుకోవడానికి ఆ పెద్దాయన చెప్పాడని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

తగూలంక

గోదావరి సముద్రంలో కలిసే చోట, మన గట్టుకీ యానాం వైపు గట్టుకీ మధ్య ఒక లంక ఉంది. నేను పుట్టకముందు ఏదో వరదకి మేటగా లేచిందంటారు. మేట మీద మడ మొక్కలు మొలిచాయి, మొక్కల చుట్టూ ఇంకా ఒండ్రు పట్టింది, చూస్తూండగా అడవైంది. రికార్డులో దానికి పేరే లేదు. జనం మాత్రం తగూలంక అంటారు.

పేరుకి తగ్గట్టే అది మాదంటే మాదని రెండు ప్రభుత్వాలు. ఇటు ఆంధ్రా, అటు పుదుచ్చేరి ఏలుబడిలో ఉన్న యానాం. భాష ఒకటే, చుట్టరికాలు ఒకటే, కాగితాలే వేరు. మన దస్త్రంలోనూ వాళ్ల దస్త్రంలోనూ ఆ లంక ఎదురుగా రిమార్కుల గడిలో రెండే మాటలు ఉండేవి: హద్దు తగాదా.

ఆ రెండు మాటల బలం నాకు అప్పట్లో తెలియదు. చెరువులు తవ్వుకుంటామని ఒకరు, గెస్ట్‌హౌస్ కడతామని ఒకరు, కొబ్బరి వేస్తామని ఒకరు అర్జీలు పెట్టేవారు. ఫైలు పైకి వెళ్లేది, రిమార్కుల గడి దాకా వచ్చేది, తిరుగు టపాలో దిగిపోయేది. పట్టా ఇవ్వడానికి ఎవరికీ ధైర్యం లేదు. కరెంటు స్తంభం లేదు, రోడ్డు లేదు, జెండా దిమ్మ కూడా లేదు. ఆ అడవికి కంచె అంటూ ఉంటే ఆ రెండు మాటలే.

రెండేళ్లకోసారి రెండు వైపుల సర్వేయర్లూ కలిసి వెళ్లి, లంక మీద తాత్కాలికంగా పాతిన హద్దురాయి చూసి రావాలి. సర్కారు పడవ ఎప్పుడూ రిపేరులోనే ఉండేది. అందుకని మన గట్టు మీద పల్లెపాలెంలో ఉండే నూకాలమ్మ నావలో వెళ్లేవాణ్ణి. నా ఈడుదే. కొక్కెం కర్రతో మడవేళ్ల సందుల్లోంచి మండపీతలు పట్టడంలో ఆ పాలెంలో ఆమెకి సాటి లేదు. కూతుర్ని అవతలి గట్టు మీద, యానాం వైపు పాలెంలోనే ఇచ్చింది. తల్లి ఇటునుంచి, కూతురు అటునుంచి లంకకి వచ్చి పీతలు పట్టుకుంటూ ఊసులాడుకునేవారు. సగం వేట, సగం పుట్టిల్లు.

నావ ఎక్కగానే నూకాలమ్మ అడిగేది.

"మంచినీళ్లు పుచ్చుకుంటారేంటండి?"

"వద్దమ్మా, సీసా ఉంది."

"ఆయ్."

ఇరవై ఏళ్లకి పైగా ఈ మూడు మాటలూ మా ఇద్దరి మధ్య ఇలాగే నడిచాయి. నేను తాగనని ఆమెకి తెలుసు, అయినా అడిగేది. ఆమె అడుగుతుందని నాకు తెలుసు, ఆ మాట కోసం ఎదురుచూసేవాణ్ణి. ఇది ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఆ లంక నాకు ఇష్టం. సర్వేయరు ఎక్కడికెళ్లినా ముందు అరుపులు వినపడతాయి. తర్వాత నిశ్శబ్దం. నేను పోగానే మళ్లీ అరుపులు. మనిషి వంక ఎవరూ చూడరు, అందరి కళ్లూ గొలుసు మీదే. తగాదా ఉండి కూడా అరుపులు లేని చోటు నాకు తెలిసినంతలో అదొక్కటే. అన్నం మూట విప్పుకుని నావలోనే కూర్చునేవాణ్ణి. పాటుకి నీళ్లు వెనక్కి తీసినప్పుడు బురదలోంచి వేళ్లు పైకి లేచి కనిపించేవి, వాటి మధ్య చిన్న పీతలు ఎర్రని కొండి ఒకటి ఊపుకుంటూ తిరిగేవి. ఒకసారి నీటిపిల్లి ఒకటి మా నావకి బారెడు దూరంలో చేపని నోట కరుచుకుని, నన్ను తేరిపార చూసి, తొందరేమీ లేనట్టు అడవిలోకి వెళ్లింది. ఇంట్లో కంటే అక్కడే నాకు తోడున్నట్టు అనిపించేది.

తిరిగే రాయి

ఇక రాయి సంగతి. రెండేళ్లకోసారి వెళ్తామా, రాయి పెట్టిన చోట ఉండేది కాదు. ఒకసారి మనవైపు జరిగి ఉండేది, ఒకసారి అటువైపు. ఇద్దరు మోస్తేగాని లేవని రాయి అది.

"వరదకి కొట్టుకుపోయిందేమోనండి," అనేది నూకాలమ్మ.

"వరదకి రాయి ఏటికి ఎదురు వెళ్తుందా?"

"గోదారి కదండీ. దాని బుద్ధి మనకెలా తెలుస్తాదండి?"

ముఖం మాత్రం పక్కకి తిప్పుకునేది. నవ్వు దాచుకోవడానికని తర్వాత తెలిసింది.

అసలు సంగతి మా చైన్‌మన్ వెంకన్న చెప్పాడు. గొలుసు రెండో కొస పట్టుకుని నాతో పాతికేళ్లు నడిచిన మనిషి, ఆ పాలెం అల్లుడు. సర్వే ఉన్న ఏడు గంగమ్మ జాతరకి ముందు రెండు పాలేల వాళ్లూ కలిసి లంక మీదకి వెళ్తారట. రాయికి పసుపు రాసి, పెకలించి, ఒకసారి ఇటు, తర్వాతిసారి అటు జరుపుతారట. ఇటు జరిగిన ఏడు మన ఆఫీసు కేకలేస్తుంది, అటు జరిగిన ఏడు అవతలి ఆఫీసు. తగాదా ఆరిపోకుండా ఎగదోస్తూ ఉంటారన్న మాట. వాళ్ల తాతల నాటి నుంచీ ఇదే ఆనవాయితీ.

నాకు ఒళ్లు మండిపోయింది. ప్రభుత్వ రాయి పెకలించడం నేరం. అంతకంటే ఎక్కువగా, ఇన్నేళ్లు నన్ను వెర్రివాణ్ణి చేశారన్న ఉక్రోషం. నావలోనే అడిగేశాను.

"రాయి జరుపుతున్నది మీరేనటగా?"

నూకాలమ్మ తెడ్డు ఆపింది. బొంకలేదు.

"ఆయ్. మేమేనండి."

"ఎందుకమ్మా?"

"ఆ రాయి ఓ చోట నిలబడితే లంకకి ఓనరొస్తాడండి. ఓనరొస్తే మమ్మల్ని దిగనిత్తాడేంటండి? ఎవరిదో తేలనంతకాలం అది మా అందరిదీనండి."

చదువులేని మాటలని కొట్టిపారేశాను. నేను పుస్తకం చదివినవాణ్ణి. హద్దు తేలని భూమి సర్వేయరుకి కంట్లో నలుసు. రిపోర్టు రాసి ఎవరినీ జైలుకి పంపలేదు, ఆ మాత్రం దయ చూపించానని అప్పట్లో మురిసిపోయాను. కానీ కదలని రాయి ఒకటి పాతి తీరాలని ఆ రోజే అనుకున్నాను.

నా మంచి పని

రిటైరు కావడానికి ఇంకో ఏడాది ఉందనగా ఉపగ్రహాలతో పనిచేసే కొత్త యంత్రం వచ్చింది. అంతకుముందు గొలుసుతో వారం పట్టే పని పూటలో అయిపోతుంది. "మీరు వెళ్లేలోపు తగూలంక తేల్చేయండి, మీ తర్వాత దాన్ని పట్టించుకునేవాడు ఉండడు," అన్నారు అప్పటి మా పై అధికారి. ఆయన మంచివాడే, ఏ దురుద్దేశమూ లేదు. నన్నెవరూ ఇంచి అటు జరపమనలేదు, ఇటు జరపమనలేదు. ఎవరైనా లంచం ఇవ్వజూపి ఉంటే బాగుండేది. జాగ్రత్త పడి ఉండేవాణ్ణి. నన్ను కొన్నది నా పనితనం మీద నాకున్న గర్వం.

వేసవి, అమావాస్య రోజు. అమావాస్యకి పోటు ఎంత ఎక్కువ పొంగుతుందో, పాటు అంత లోతుకి తీస్తుంది. మేం వెళ్లేసరికి మన గట్టుకీ లంకకీ మధ్య పాయలో నీళ్లు లేవు. బురద. ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని నడిచి వెళ్లిపోయాం. నేను, వెంకన్న, అవతలి సర్వేయరు. గట్టుకి ఆనుకుని పట్టిన మేట ఆ గట్టు ఊరిదే, మధ్యలో నీరుంటే కాదు. ఇది మా లెక్కలో మొదటి పాఠం. ఇక్కడ మనిషి నడిచి వెళ్లగలుగుతున్నాడు. అంటే మనదే. ఇంత తేలిక సంగతికి ఇన్నేళ్లు కొట్టుకున్నామా అనిపించింది. అవతలి సర్వేయరు కూడా రిటైర్మెంటుకి దగ్గర పడ్డవాడే. బురద కడుక్కుంటూ, "పోనీలెండి, ఒక పీడ వదిలింది," అని సంతకం పెట్టాడు.

ఆ రోజు నూకాలమ్మ నావ అక్కర్లేకపోయింది. గట్టు మీద నిలబడి చూస్తోంది. సిమెంటు కలిపి, నాలుగడుగుల లోతున రాయి పాతించి తిరిగి వస్తుంటే ఎదురొచ్చింది.

"బాబుగారండి, కాసేపు ఉండండి. పోటు చూసెళ్లండి."

"పనైపోయిందమ్మా."

"పోటొచ్చేదాకానండి. ఎంతసేపండి."

జీపు హారను కొడుతున్నాడు. నేను ఎక్కేశాను. మంచినీళ్లు పుచ్చుకుంటారా అని ఆ రోజు ఆమె అడగలేదని అమలాపురం వచ్చాక గుర్తొచ్చింది.

రిమార్కుల గడిలో హద్దు తగాదా అన్న మాటలు ఎర్ర సిరాతో కొట్టేసి, "మన గట్టుకు ఆనుకుని ఉంది" అని రాశాను. నా చేతిరాత బాగుంటుంది. రిటైరైన రోజు శాలువా కప్పి, అరవై ఏళ్ల తగాదా తెంపిన మొనగాడన్నారు. ఇంటికి వచ్చి ఆ శాలువా ఎవరికి చూపించాలో తెలియక బీరువాలో పెట్టాను.

ఓనరొచ్చాడు

ఏడాదిన్నర తిరక్కుండా ఒక కంపెనీ వచ్చింది. పేరెందుకు, అలాంటివి చాలా ఉన్నాయి. రిసార్టు, పడవల జెట్టీ, నీటి మీద అద్దాల గదులు. ఈసారి ఫైలు రిమార్కుల గడి దగ్గర ఆగలేదు. మన గట్టుకు ఆనుకుని ఉంది కదా. నేను రాసిన మాటే దానికి తలుపు తీసింది.

నేను వెళ్లి చూశాను. పాయకి అడ్డంగా మట్టి పోసి దారి వేశారు. దక్షిణం సగం మడ అడవిని పొక్లెయినుతో పెకలించారు. అక్కడ చూడ్డానికి కోనసీమలా ఉండాలని లారీల మీద కొబ్బరి మొక్కలు తెచ్చి వరసగా పాతారు. ఉప్పునేలలో అవి ఎండిపోతున్నాయి, మళ్లీ తెస్తున్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఉత్తరం సగం ఇంకా నిలబడి ఉంది, దానికి ముగ్గు పోసి గుర్తులు పెట్టారు. చుట్టూ ఇనుప కంచె. గేటు దగ్గర కాపలా మనిషి. కంచె మూల స్తంభానికి ఆధారంగా నా రాయి, ఇంచి కూడా కదలకుండా.

అక్కడినుంచి పాలెం రేవుకి వెళ్లాను. గోదావరి వాళ్లకి మొరటుతనం రాదు.

"ఎప్పుడొచ్చేరండి? కులాసాయేనాండి?" అన్నారు.

"కులాసాయే," అన్నాను.

"ఆయ్," అన్నారు.

తర్వాత ఎవరి వల వాళ్లు బాగుచేసుకున్నారు. నేను నిలబడే ఉన్నాను. నూకాలమ్మ నన్ను చూసింది, నావలో నీళ్లు తోడుకుంటూ ఉండిపోయింది. వేట లేక ఆమె రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్తోందని, పాయలో నావ దారి మూసుకుపోయి, కూతుర్ని చూడాలంటే వంతెన మీదుగా చుట్టు తిరిగి ఆటోలు మారి వెళ్లాల్సి వస్తోందని, అందుకే వెళ్లడం తగ్గిందని వెంకన్న చెప్పాడు. ఐనవిల్లి పెద్దాయన గుర్తొచ్చాడు. ఆ రేవులో గంటసేపు ఉన్నాను. ఎవరూ మంచినీళ్లు కావాలా అని అడగలేదు. వద్దనే అవకాశం కూడా నాకు ఇవ్వలేదు.

ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒంటరిగా ఉన్నానంటే దానికో కారణం ఉండేది, రెండు పార్టీల మధ్య నిలబడేవాడు ఒంటరిగానే ఉండాలి అని చెప్పుకునేవాణ్ణి. ఇది అలాంటిది కాదు. దీనికి గౌరవం లేదు.

పుస్తకంలో ఖాళీ గడి

ఆరు నెలల తర్వాత కోర్టు నోటీసు వచ్చింది. రెండు పాలేల వాళ్లూ కలిసి కేసు వేశారు. ప్రతివాదుల్లో ప్రభుత్వం, కంపెనీ, ఇంకా ఎవరెవరో. ఆరో ప్రతివాది నేను. పేరు, ఇంటిపేరు, రిటైర్డు సర్వేయరు. జీవితంలో మొదటిసారి నా పేరు ఒక తగాదాలో చూసుకున్నాను.

రెండు రోజులకి లావణ్య వచ్చింది. అక్కడి గ్రామ సర్వేయరు, చురుకైన పిల్ల, ట్రైనింగులో నా దగ్గరే పాఠాలు విన్నది. ఆఫీసు వాళ్లు రాసిచ్చిన కాగితం ఒకటి తెచ్చింది. "నేను వేసిన హద్దు సక్రమమైనదని" నేను సంతకం పెట్టాలి.

"ఫీల్డ్ బుక్కు నకలు కూడా తెచ్చేనండి. చూసి పెట్టండి, తొందరేం లేదండి," అంది.

ఆ పుస్తకంతో మూడు రోజులు కూర్చున్నాను. తప్పు దొరకాలని కోరుకుంటూ ఒక సర్వేయరు తన పుస్తకం తిరగేయడం ఎక్కడైనా ఉంటుందో లేదో నాకు తెలియదు. ప్రతి కూడికా మళ్లీ వేశాను. అన్నీ సరిగ్గా ఉన్నాయి. నా లెక్క మీద నాకే కోపం వచ్చింది.

మూడో రోజు మధ్యాహ్నం కనిపించింది. తప్పు అంకెల్లో లేదు. గట్టు నుంచి లంక దాకా పాయకి అడ్డంగా వరసగా పదకొండు కొలతలు ఉన్నాయి. ప్రతిదానికీ వెంకన్న అక్కడ కర్ర పట్టుకుని నిలబడి ఉండాలి. పాయ మధ్యలో, నేల మీద. వాటి ఎదురుగా సమయం రాయాల్సిన గడి ఖాళీ. ఆటుపోట్లు ఉన్నచోట హద్దు పోటు నీటిని బట్టి చూడాలి, సమయం తప్పకుండా రాయాలి. ఈ పాఠం లావణ్యకి చెప్పింది నేనే.

అప్పుడు ఇంకో సంగతి తట్టింది. దానికి పుస్తకమే అక్కర్లేదు. ఇరవై ఏళ్లకి పైగా నేను ఆ లంకకి నావలో వెళ్లాను. నడిచి వెళ్లింది ఒక్క రోజు. ఆ ఒక్క రోజునే కాగితం మీద పెట్టాను. పోటు చూసెళ్లండి అని ఆ మనిషి దారికి అడ్డంగా నిలబడి చెప్పింది, నేను జీపెక్కాను.

లావణ్యని పిలిచి చూపించాను. చాలాసేపు చూసింది.

"ఇది బయటపెడితే మీ పేరు పోద్ది కదండీ?"

"పోతుంది."

"ఆఫీసులో మీ గురించి ఇంకా చెప్పుకుంటారండి. తగూలంక తేల్చిన మాస్టారని."

"తప్పు తేల్చేడని చెప్పుకోనియ్యమ్మా."

ఆమె తెచ్చిన కాగితం అలాగే తిరిగి ఇచ్చేశాను. నా జవాబు నేనే రాసుకున్నాను. పాటు సమయంలో కొలిచానని, పోటు సమయంలో ఆ మేట గట్టుకు ఆనుకుని ఉండదని నాకు స్వయంగా తెలుసునని, అయినా చూడకుండా వచ్చేశానని, నేను వేసిన హద్దు చెల్లదని. నా చేతిరాత అప్పుడూ బాగానే ఉంది.

ఆ తర్వాత ఆఫీసు నుంచి ఫోన్లు రావడం ఆగిపోయింది. నాకు శాలువా కప్పినాయన బజార్లో ఎదురై, "వయసు మీద పడ్డాక ఊరుకోవాలండి," అని ముందుకు సాగిపోయారు. రెండు పార్టీలు ముందే పోయాయి, మూడో పక్షం, మా ఆఫీసు కూడా ఇప్పుడు పోయింది నాకు.

కోర్టు పని ఆపించింది. పోటుకీ పాటుకీ, వేసవిలోనూ వరదల్లోనూ మళ్లీ కలిసి కొలవాలంది. ఎప్పటికి తేలుతుందో తెలియదు. అందాకా రిమార్కుల గడిలో పాత మాటలే రాయమంది. ఆ నకలు లావణ్య నా ఫోనుకి పంపింది. హద్దు తగాదా. ఉత్తరం సగం నిలబడింది. దక్షిణం సగం నేను బతికుండగా అడవి కాదు. ఈ విషయంలో మీకు తీపి కబురు చెప్పలేను.

కొత్తగా చేరేవాళ్లకి

పాఠం చెప్పమంటారు అందరూ. నా దగ్గర ఉన్నది ఇంతే. కొలవడం యంత్రానికి వచ్చు, ఎప్పుడు కొలవాలో అక్కడ బతికేవాళ్లకి తెలుసు. ఉండండి అని ఎవరైనా అంటే ఉండండి. జీపు డ్రైవరు ఎంత హారను కొట్టినా సరే. తగాదా కనపడగానే తీర్చేయాలని చేతులు దురద పెడతాయి, నాకూ పెట్టాయి. అది ఎవరికి అన్నం పెడుతోందో ముందు కనుక్కోండి. నీళ్ల సీసా మాత్రం దగ్గర పెట్టుకోండి, ఆ నియమం మంచిదే. అయితే అందరి దగ్గరా వద్దని, వద్దని, చివరికి వినడం కూడా వద్దనుకున్నాను నేను. మా పై అధికారి నీళ్లు తాగొద్దన్నారు గాని, మాట వినొద్దనలేదు.

కోర్టు ఉత్తర్వు వచ్చిన వారానికి రేవుకి వెళ్లాను. పోటు సమయం చూసుకుని వెళ్లాను. కంపెనీ వేసిన మట్టిదారి మధ్యలో కోసుకుపోయి, గట్టుకీ లంకకీ మధ్య నిండుగా నీళ్లున్నాయి. నూకాలమ్మ నావ కట్టేసి, గట్టు మీద కూర్చుని పీతల కొక్కెం సాన పెట్టుకుంటోంది. చాలా రోజుల తర్వాత దానికి పని పడింది.

సీసా ఇంట్లో వదిలేసి వెళ్లాను. కావాలనే.

"నూకాలమ్మా, కాసిని మంచినీళ్లు ఇస్తావా?"

ఆమె తలెత్తింది. నా చేతులు చూసింది, నా భుజం చూసింది. సీసా కనపడలేదు.

"పార్టీల దగ్గర పుచ్చుకోరు కదండీ?"

"మీరేసిన కేసులో ఆరో పేరు నాదేనమ్మా. ఇప్పుడు నేనూ పార్టీనే."

ఆమె కొక్కెం పక్కన పెట్టింది. తర్వాత లేచి, నావలోంచి నీళ్ల డబ్బా తీసి, గ్లాసు రేవులో తొలిచి, నిండా పోసింది.

"ఆయ్. పుచ్చుకోండి," అంది.

గ్లాసు రేవు నీళ్లతో కడిగింది కదా, మొదటి గుక్క ఉప్పగా తగిలింది. చుక్క మిగల్చకుండా తాగి, ఇంకో గ్లాసు అడిగాను.